గీత ఎవరిది?



సాయంత్రం వేళ మన విచారణ దేవాలయ ఆవరణల్లో పిల్లలు బ్యాడ్మింటన్ ఆడటం మీరు చూసే ఉంటారు. కోర్టు పొడవు 44 అడుగులు. జంటలుగా ఆడితే వెడల్పు 20 అడుగులు, ఒక్కొక్కరే ఆడితే 17 అడుగులు. నియమం ప్రకారం గీత వెడల్పు 40 మిల్లీమీటర్లు మాత్రమే. ఆటలో వచ్చే తగాదాలన్నీ దాదాపు ఆ కాస్త గీత మీదే. నియమం మాత్రం స్పష్టంగా ఉంది. షటిల్ గీతను తాకితే చాలు, లోపల పడినట్టే లెక్క. అంటే గీత మీది లాభం అవతలి నుంచి కొట్టినవాడిదే గాని కాచుకున్నవాడిది కాదు.

పెద్ద పోటీలలో గీతల దగ్గర న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. మన ఆవరణలో అలాంటివారు ఉండరు. షటిల్ ఎవరి వైపు పడితే వారే తీర్పు చెప్పాలి. "అవుట్" అంటే తనకు పాయింటు, "లోపలే" అంటే ఎదుటివాడికి. తనకు నష్టమని తెలిసి కూడా "లోపలే పడింది" అని చెప్పిన కుర్రవాడు పెద్దలకు ఉపదేశం చేసినట్టే.

పొలం గట్టు కూడా ఒక గీతే. తెల్లవారుజామున పలుగూ పారా పట్టుకుని గట్టు చెక్కేవాడికి న్యాయనిర్ణేత ఎవరు? తన మనస్సాక్షి, పైనున్న దేవుడు, అంతే. ఒక్కసారి లెక్క వేసి చూడండి. 600 అడుగుల పొడవున్న గట్టును ఒక అడుగు జరిపితే దక్కేది 600 చదరపు అడుగులు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు కనుక అది ఒకటిన్నర సెంటు కూడా కాదు. దానికోసం అన్నదమ్ములు మాటలు మానుకుంటారు. పెళ్ళికి పిలుపులు ఉండవు, చావుకు కూడా గడప తొక్కరు. వాయిదాల చుట్టూ తిరిగి తిరిగి, ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు.

దైవవాక్కు ఈ విషయాన్ని చిన్నదిగా చూడలేదు. పొరుగువాని హద్దురాయి జరపరాదని ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం ఆజ్ఞాపించింది. 27వ అధ్యాయంలో, రాయి జరిపినవానిపై శాపం పలికినప్పుడు ప్రజలందరూ "ఆమెన్" అనాలని ఉంది. అనాథల పొలంలో కాలు పెట్టవద్దని, వారి తరఫున వాదించేవాడు బలవంతుడని సామెతల గ్రంథం 23వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఎందుకింత కఠినం? ఆ రాయి వెనుక ఒక కుటుంబం తినే అన్నం ఉంది. నాబోతు ద్రాక్షతోట మీద ఆహాబు రాజు కన్నుపడితే, అది చివరకు నాబోతు ప్రాణమే తీసింది.

తన సహోదరునితో ఆస్తి పంచిపెట్టించమని ఒకడు యేసు ప్రభువును అడిగాడు. ప్రభువు పంపకానికి ఒప్పుకోలేదు. పేరాశను గూర్చి జాగ్రత్తపడమని చెప్పి, కొట్లు పెద్దవి కట్టుకోవాలనుకుని ఆ రాత్రే ప్రాణం విడిచిన ధనికుని కథ చెప్పాడు. రాయి ఎక్కడుందో సర్వేయరు చెప్పగలడు. రాయిని జరపాలనే కోరిక ఎక్కడ పుట్టిందో మనమే వెతుక్కోవాలి.

అబ్రహాము పెద్దవాడు, లోతు ఆయన సహోదరుని కొడుకు. కాపరుల మధ్య గొడవ వచ్చినప్పుడు ముందుగా కోరుకునే హక్కు పెద్దవానిదే. అయినా ఆయన దాన్ని లోతుకు వదిలేశాడు. దేవుడు ఆయనను ఖాళీ చేతులతో విడిచిపెట్టలేదు.

అయితే ఒక మాట. వదులుకోవడం బలవంతుడు చేయవలసిన పని. విధవరాలి పొలం పోతుంటే పెద్దమనుషులు చేరి "పోనీలేమ్మా, క్షమించు" అనడం సమాధానం కాదు, అన్యాయానికి సాయం. ఆమె పక్కన నిలబడి, ఆమె గట్టు ఆమెకు ఇప్పించడమే క్రైస్తవ ధర్మం.

ఇప్పటికే జరిపినవారి మాటేమిటి? పాపసంకీర్తనంలో చెప్పుకుంటే సరిపోతుందా? 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2412వ పేరాలో, దొంగిలించినది సొంతదారునికి తిరిగి ఇవ్వాలని బోధించింది. జక్కయ్య కన్నీళ్ళతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. తండ్రి కాలంలో జరిగినదైనా, ఆ పొలం పంట ఈనాడు తింటున్నది మనమే కదా!

కనుక మీ ఇంట ఇలాంటి తగాదా ఉంటే ఈ వారం ఒక పని చేయండి. ముందుగా మీరే పలకరించండి. ఇద్దరూ కలిసి సర్వేయరుకు దరఖాస్తు పెట్టండి. ఎఫ్.ఎం.బి. పటం, తెలంగాణలోనైతే టిప్పన్, చూసి కొలిచేటప్పుడు ఇరువురూ దగ్గరుండండి. కొలత తేలాక ఒప్పుకోండి. అప్పటికీ గీత మీద అనుమానం మిగిలితే, కోర్టులో పిల్లలు చేసినట్టు, లాభం అవతలివారికి ఇవ్వండి.

పీఠం దగ్గర కానుక విడిచి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు. పూజలో సమాధానం చెప్పుకుంటూ చేతులు జోడించేటప్పుడు, పక్క బల్ల మీద కూర్చున్న మీ గట్టు పక్కవాని వైపు కూడా తిరగగలుగుదురు గాక! అందుకు తగిన కృపను ప్రభువు మనందరికీ దయచేయును గాక! ఆమెన్.