భూదేవీనాథుని నేల

హైదరాబాదు నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు సాగే మార్గానికి చేరువలో, ఉస్మాన్‌సాగరు సమీపాన చిలుకూరు క్షేత్రమున్నది. ఏటేటా తిరుమలకు వెళ్ళే భక్తుడొకడు వ్యాధిగ్రస్తుడై కదలలేకపోగా, స్వామియే స్వప్నంలో సాక్షాత్కరించి, తాను దగ్గరి అడవిలోనే ఉన్నానని సెలవిచ్చాడని స్థలపురాణం. పుట్టను త్రవ్వగా శ్రీదేవీ భూదేవీ సమేతుడై వెలశాడు. ప్రక్కన నిలిచిన భూదేవికి నమస్కరించేవారెందరో. ఆ సన్నిధి తెలిపే ధర్మాన్ని విచారించేవారు అరుదు. భూమి భగవంతుని పత్ని. అందుచేతనే వైష్ణవుడు ఉదయం శయ్య దిగుటకు ముందు పాదస్పర్శకు ఆమెను క్షమాపణ వేడుకొంటాడు. లౌకిక న్యాయమూ దీనికి దూరం కాదు. దేవాలయ భూమికి దేవుడే యజమాని, పూజారి నిర్వాహకుడు మాత్రమేనని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

దైవానికి చెందిన నేలను 'నాది' అనుటకు నరునికి గల అధికారమెంత? ఈ ప్రశ్న అతికఠినంగా ఎదురయ్యేది యూదుల స్వదేశ వాదంలో. అబ్రహాము సంతతికి ఆ దేశమిత్తునన్న దైవ వాగ్దానం వారి మతాధారం. క్రీ.శ. 70లో రోమనులు జెరూసలేము ఆలయాన్ని ధ్వంసం చేసిన పిదప, ఏ దేశంలో ఉన్నా వారు ఆ నగరం వైపు తిరిగియే ప్రార్థించారు. మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో సైతం తాము ఎఫ్రాయీము వంశీకులమని చెప్పుకొనే తెలుగు కుటుంబాలున్నవి. అయితే భూమి తనదనీ, ప్రజలు తన చెంత అతిథుల వంటివారనీ, దానిని శాశ్వతంగా విక్రయించరాదనీ వారి ధర్మశాస్త్రంలోనే దేవుడు శాసిస్తాడు. వాగ్దానాన్ని స్మరించేవారు ఈ నిబంధనను మరచుట కద్దు.

రెండవ ఆధారం లౌకికం. 1896లో థియోడర్ హెర్జల్ తన గ్రంథంలో యూదు రాజ్యాన్ని కోరినది వేదవాక్య బలంతో కాదు. ఐరోపాలో తన జాతి పడిన బాధలను చూపి. 1917 బాల్ఫర్ ప్రకటన, 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి 33 ఓట్లతో ఆమోదించిన విభజన, 1948 మే 14న రాజ్యస్థాపన, ఇవన్నీ మానవుల ఏర్పాట్లు. హిట్లరు పాలనలో అరువది లక్షల మందిని కోల్పోయిన జాతి తలదాచుకొన చోటు కోరుట న్యాయమే. కాని మానవుల ఏర్పాటు మానవులందరికీ జవాబు చెప్పవలసి ఉంటుంది. ఆ యుద్ధంలో నిరాశ్రయులైన సుమారు ఏడు లక్షల పాలస్తీనా అరబ్బులకు సైతం. దైవవాక్యాన్ని అడ్డుపెట్టి ఆ జవాబును దాటవేయరాదు. ఆ నేల యావత్తూ వక్ఫు అని 1988లో హమాస్ ప్రకటించి యూదుల హక్కును త్రోసిపుచ్చుట కూడ ఇట్టి దోషమే.

ఆ దేశపు నిష్ఠాపరులలో నేటికీ ఒక ఆచారమున్నది. ఏడేండ్లకొకసారి పొలాన్ని దున్నక, విత్తక విడిచిపెడతారు. 2021-22 అట్టి వత్సరం. ఆ యేడు తనంత తానుగా పండిన ఫలం యజమానిది కాదు. దారిన పోయే బీదవాడైనా కోసికొనవచ్చును.