ప్రతి ఉదయం కట్టెలు

నేటి వాక్యభాగం: లేవీయకాండము 6:8-13

హెబ్రీ భాషలో అగ్నిని ‘ఏష్’ అంటారు. ఆలెఫ్, షీన్ అనే రెండక్షరాల చిన్న మాట. హోరేబు దగ్గర మండుతున్న పొదలో మోషే చూసింది ఏష్. రాత్రివేళ ఇశ్రాయేలీయులకు వెలుగిచ్చిన స్తంభం ఏష్. యెహోవా సీనాయి కొండ మీదికి దిగివచ్చింది ఏష్‌లోనే. అక్కడ మనుషులు చేయగలిగిన పనేమీ లేదు. చూసి వణికారు, ముఖాలు దాచుకున్నారు.

నేటి వాక్యభాగంలోనూ అదే మాట ఉంది. అయితే ఇక్కడ ఆ అగ్ని దగ్గర ఒక మనిషికి పని అప్పగించాడు దేవుడు. బలిపీఠం మీది అగ్ని ఎన్నడూ ఆరిపోకూడదు. అందుకోసం యాజకుడు ప్రతి ఉదయం దానిమీద కట్టెలు వేయాలి.

అహరోను మొదటి బలులు అర్పించిన రోజున యెహోవా సన్నిధినుండి అగ్ని బయలుదేరి దహనబలిని కాల్చివేసింది (9:24). అది చూసి జనులందరూ కేకలు వేసి సాగిలపడ్డారు. ఆ మహిమాదినం గడిచిపోయింది. కట్టెల పని మాత్రం మర్నాడూ ఉంది, ఆ మర్నాడూ ఉంది. అగ్నిని పుట్టించే బాధ్యత దేవుడు మనమీద పెట్టలేదు. ఆయన ఆజ్ఞాపించని అగ్నిని తెచ్చిన అహరోను కుమారులు నాదాబు, అబీహు ఆయన సన్నిధిలోనే చనిపోయారు. ఆయన ఇచ్చినదాన్ని ఆరిపోనివ్వకుండా చూసుకోవడమే మన వంతు.

యాజకుడి ఉదయం బూడిదతో మొదలయ్యేది. నార బట్టలు వేసుకొని, రాత్రంతా కాలిన దహనబలి బూడిదను ఎత్తి బలిపీఠం పక్కన పెట్టేవాడు. తర్వాత బట్టలు మార్చుకొని, దాన్ని పాళెం వెలుపల పవిత్రమైన చోటికి మోసుకుపోయేవాడు. బూడిద ఎత్తడానికి కూడా యాజక వస్త్రాలే కావాలన్నాడు దేవుడు. ఎవరూ చూడని ఆ పని కూడా ఆయన దృష్టిలో ఆరాధనే.

ఆ బూడిద చెత్త కాదు, నిన్నటి నిజమైన అర్పణలో మిగిలినది. అందుకే దానికి పవిత్రమైన చోటు దొరికింది. అయినా దాన్ని బలిపీఠం మీదే వదిలేస్తే నేటి కట్టెలకు చోటు ఉండదు. ఒకప్పుడు ఉజ్జీవ సభల్లో కన్నీళ్లతో చేసిన ప్రార్థన, బాప్తిస్మం నాటి ఆనందం, దేవుడు తీర్చిన ఆపద ఇవన్నీ మనకు అమూల్యమే. కృతజ్ఞతతో వాటిని తలచుకుందాం. కానీ వాటి మీదే బతకాలని చూస్తే మన భక్తి నివురుగప్పిన నిప్పవుతుంది. తనలోని కృపావరాన్ని తిరిగి రగిలించుకొమ్మని తిమోతికి పౌలు రాసింది ఇందుకే (2 తిమోతి 1:6).

కట్టెలు తేవడం యాజకుడొక్కడి భారం కూడా కాదు. చెరనుండి తిరిగివచ్చాక యాజకులు, లేవీయులు, జనులు చీట్లు వేసుకొని, ఏ కుటుంబం ఎప్పుడు కట్టెలు తేవాలో నిర్ణయించుకున్నారు (నెహెమ్యా 10:34). నెహెమ్యా తన గ్రంథం చివర, తనను జ్ఞాపకం చేసుకొమ్మని దేవుణ్ణి వేడుకునే ముందు, ఆ కట్టెల అర్పణ సంగతి కూడా చెప్పుకున్నాడు. యెరూషలేము గోడలు కట్టించినవాడికి కట్టెల మోపు చిన్న విషయంగా కనిపించలేదు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, నేటి కట్టెలు ఏవి? ఫోను చేతిలోకి తీసుకునే ముందు చదివే ఒక కీర్తన. మాటలు తెగిపోయిన ఇంటివారితో మనమే ముందుగా మాట్లాడటం. సంఘంలో విశ్వాసం సన్నగిల్లిన ఒకరి ఇంటికి వెళ్లి, వారితో కలిసి ప్రార్థించడం. మనసు ఉప్పొంగే వరకు ఆగనక్కరలేదు. యాజకుడికి కూడా ఇచ్చిన ఆజ్ఞ కట్టెలు వేయమనే.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మాలో నీవు రగిలించిన అగ్ని కోసం నీకు స్తోత్రం. నిన్నటి అనుభవాలతోనే తృప్తిపడి ఆగిపోకుండా మమ్మల్ని కాపాడు. ఈ ఉదయం మేము చేయవలసిన చిన్న పనిని నమ్మకంగా చేసే మనసు దయచేయి. అలసిపోయిన మా తోటివారికి సాయపడే చేతులివ్వు. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.