వేడినీళ్లలోని వేడి ఎవరిది?

వేడి అనేది నీటి గుణమా, నీటిలో చేరిన మరో పదార్థానిదా అన్నది ప్రాచీన భారతీయ తత్వవాదులైన వైశేషికులు తర్కించిన ప్రశ్న. నీటి సహజ స్పర్శ చల్లదనమేననీ, కాగిన నీళ్లలో తగిలే వేడి లోపల చేరిన తేజస్సు అనే అగ్ని పదార్థానిదనీ వారి నిర్ణయం. ఆంధ్రుడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం సాగినదీ ఈ దారినే. పొయ్యి మీంచి దించితే నీళ్లు చల్లారడం దీనికి గట్టి ఆధారం. 18వ శతాబ్దపు యూరప్‌లోనూ చాలామంది వేడిని కంటికి కనిపించని ద్రవంగా భావించారు.

ఆ భావనను కదిలించినవారిలో ముఖ్యుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. సాల్ఫర్డ్‌లో బీరు కాచే కుటుంబంలో 1818లో పుట్టాడు. తీగలో విద్యుత్తు పుట్టించే వేడిని కొలిచి సూత్రం చెప్పాడు. ఇళ్లలో బీరు కాయడానికి సొంతంగా అమర్చుకునే కరెంటు బాయిలర్‌కు ఆ సూత్రమే ఆధారం. 20 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 100కు చేరడానికి 2 కిలోవాట్ల కాయిల్‌కు దాదాపు 56 నిమిషాలు కావాలి. గిన్నె గోడల గుండా పోయే వేడి దీనికి అదనం. అక్కడ నిప్పు లేదు. మరి జౌల్ కొలిచిన వేడి, విద్యుత్తునిచ్చే బ్యాటరీ నుంచి తీగ మోసుకొచ్చినదా? 1843లో జౌల్ బ్యాటరీ బదులు అయస్కాంత యంత్రాన్ని తిప్పి చూశాడు. తిప్పిన శ్రమే వేడిగా మారింది. సృష్టికర్త ఇచ్చిన శక్తి నశించదన్న దైవవిశ్వాసం అతడి వాదానికి ఊపిరి. ఆ విశ్వాసాన్ని ఓపికగా కొలతకు నిలబెట్టడం అతడి గొప్పతనం.

నీటికి వేడి బయటి నుంచి వచ్చినదేనన్న వైశేషికుల మాట ఇప్పటికీ నిలుస్తుంది. స్పర్శనే ప్రమాణం చేసుకోవడం దగ్గరే చిక్కు. మూతలేని గిన్నెలో మరిగే నీళ్లు కాయిల్ ఎంతసేపు పనిచేసినా 100 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. అప్పుడు చేరే వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అది స్పర్శకూ తెలియదు, థర్మామీటర్‌లోనూ కనిపించదు.