వివరించడం అంటే తొక్క తీయడం

ఈ వారం వీడియోలో ‘వివరించు’ అనే మాట దగ్గర కాసేపు ఆగాం కదా. ఇక్కడ దాన్ని ఇంకొంచెం చూద్దాం.

గవర్నర్‌పేటలో మందుల షాపుకి వెళ్తే, “ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కాస్త వివరంగా చెప్పండి” అంటాం. అక్కడ మొహమాటం లేదు. అదే ఇంట్లో పూజకి కూర్చుంటే, “ఈ సంకల్పంలో మనం ఏం చెబుతున్నాం?” అని అడగడానికి జంకుతాం. అడిగితే భక్తి లేదనుకుంటారేమోనని భయం.

సంస్కృతంలో ‘వృ’ ధాతువుకి కప్పడం అనే అర్థం ఉంది. ముందు ‘వి’ చేరితే, కప్పినదాన్ని తీయడం. వివరణ, వివరం, వివరించు అన్నీ అందులోంచి వచ్చినవే. “అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు” అంటారే మన పెద్దవాళ్లు, అదీ ఇదే. తొక్క తీస్తారు, చేతిలో పెడతారు. నోట్లో కుక్కరు.

గీత చూడండి. పదో అధ్యాయంలో అర్జునుడు, ఎంత విన్నా తనివి తీరడం లేదు, నీ విభూతుల్ని మళ్లీ విస్తారంగా చెప్పమని అడిగాడు. కృష్ణుడు విసుక్కోలేదు, చెప్పాడు. పద్దెనిమిదో అధ్యాయం 63వ శ్లోకానికి వచ్చేసరికి, ఇదంతా బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమన్నాడు. వివరించినవాడు భగవంతుడే అయినా, నిర్ణయం వినేవాడికే వదిలాడు!

కఠోపనిషత్తు ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. నచికేతుడు చిన్న పిల్లవాడు. యముడు సంపదలన్నీ ఇస్తానన్నా తన ప్రశ్న వదల్లేదు. ఆ యముడే, ఆత్మ ప్రవచనాల వల్ల దొరికేది కాదు, తన స్వరూపాన్ని తానే తెరిచి చూపిస్తుంది అంటాడు. అక్కడున్న క్రియ ‘వివృణుతే’. మన ‘వివరించు’కి తోడబుట్టిన మాట. కాబట్టి నాలాంటివాడు ఎంత చెప్పినా తొక్క తీయడం వరకే. రుచి మీరే చూడాలి.

మరి సంకల్పంలో ఏముంది? ఈ సంవత్సరం, ఈ మాసం, ఈ తిథి, కృష్ణా గోదావరుల మధ్యనున్న ఈ చోటు, నా గోత్రం, నా పేరు. అంటే దేవుడికి మీ అడ్రస్ చెప్పుకుంటున్నారు. ఇది తెలిశాక అదే సంకల్పం చెప్పి చూడండి, మనసు ఎంత దగ్గరగా వచ్చి కూర్చుంటుందో!

ఈసారి పూజలో ఒక్క మాటకైనా, “పంతులుగారూ, కాస్త వివరంగా చెప్పండి” అని వినయంగా అడగండి. రేపు మీ ఇంట్లో చిన్నవాళ్లు అడిగితే “చెప్పింది చెయ్యి” అనకండి. తెలియకపోతే, “కనుక్కుని చెప్తా నాన్నా” అనండి. అదీ ఆరాధనే.

శ్రీకృష్ణార్పణమస్తు.