కితకితలు పెట్టి గెలిచిన దేశం

బాబ్ క్లాంపెట్ వార్నర్ బ్రదర్స్ కోసం తీసిన 'వాగన్ హీల్స్' (1945) ఏడెనిమిది నిమిషాల కార్టూన్. మొదట్లో ఒక మ్యాపు: తూర్పు అంచున సన్నటి పట్టీ అమెరికా, మిగతాదంతా ఇంజున్ జో అనే భారీ మనిషి రాజ్యం. (ఆ పేరులోనే వెటకారం ఉంది.) వలస బళ్లకి దారి చూసే పని పోర్కీ పిగ్‌ది. జోని ఎవరూ ఆపలేరు. స్లాపీ మో అనే తిక్క మనిషికి మాత్రం ఒక రహస్యం తెలుసు. చివర్లో అది బయటపడుతుంది: జోకి కితకితలెక్కువ! మో కితకితలు పెడుతుంటే జో పడీపడీ నవ్వుతూ వెనక్కి, ఇంకా వెనక్కి. మ్యాపంతా అమెరికా అయిపోతుంది.

మొదటిసారి నేనూ నవ్వేశాను. రెండోసారి జో నవ్వు దగ్గర ఆగిపోయాను.

కితకితలకి వచ్చే నవ్వు సంతోషం కాదు, ఒప్పుకోలు అసలే కాదు. చిన్నప్పుడు పెద్దవాళ్లు గట్టిగా పట్టుకుని కితకితలు పెడితే "వద్దు, వద్దు" అంటూనే నవ్వేవాళ్లం. నవ్వుతున్నాం కాబట్టి ఆ "వద్దు" ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు. ఈ ముగింపు చేసిన పనీ అదే.

నిజం మ్యాపు ఇలా మారలేదు. 1830లో ఇండియన్ రిమూవల్ చట్టం వచ్చింది. 1838-39లో చెరోకీలని సైన్యం ఇళ్లలోంచి బయటికి లాగి పడమటికి తోలింది. దాదాపు 4,000 మంది పోయారని అంచనా. 1887 డాస్ చట్టం నాటికి మూలవాసుల చేతిలో 13.8 కోట్ల ఎకరాలుంటే, 1934కి మిగిలింది 4.8 కోట్లు.

"పోనీలే, తుపాకులతో చంపి ముగించలేదుగా, నయమే కదా?" అనొచ్చు. నాకలా అనిపించదు. రక్తం చూపిస్తే, దెబ్బ తిన్నవాడు ఒకడున్నాడని ఒప్పుకున్నట్టు. ఇక్కడ దెబ్బే లేదు. పైగా వందల జాతుల నేల ఒక్క మనిషి సొంత జాగా అయింది కాబట్టి, వాణ్ణి కదిలిస్తే చాలు, ఖాళీ.

ఈ కార్టూన్‌ని దాచేయమని నేననను. అందులో టైమింగ్ ఇప్పటికీ అద్భుతమే. కానీ నా మొదటి నవ్వు కూడా కితకితల నవ్వేనేమో: నన్నడక్కుండా, ఆలోచించే టైమివ్వకుండా వచ్చింది. తేడా ఒకటే. నాకు వెనక్కి తిప్పి మళ్లీ చూసే వీలుంది. వెనక్కి నెట్టబడ్డవాళ్లకి అది లేదు.