అప్పగింత సొమ్ము

సూరతు నగరమున వరాఛా అను పేట కలదు. అచ్చటి మినీబజారు వీథిలో పగటిపూట నిలిచి చూచినచో, చొక్కాజేబులనుండి మడతపెట్టిన కాగితపు పొట్లములను దీసి విప్పి, బల్లలమీదను, నిలిపియుంచిన స్కూటర్లమీదను వజ్రములను పరచి బేరమాడువారు గుంపులు గుంపులుగా కన్పట్టుదురు. ఆ వజ్రములలో అనేకములు వానిని చేతబట్టినవారివి కావు. యజమానులయొద్దనుండి 'జాంగడ్' అను చీటీపై తెచ్చినవి. ఆ చీటీలో రాళ్ళ సంఖ్యయు, కేరట్ల తూకమును, ధరయు, తేదీయు వ్రాయబడియుండును. రాయి అమ్ముడైనచో సొమ్ము చెల్లింపవలెను. కానిచో రాయినే తిరిగి యొప్పగింపవలెను. అంతవఱకు అది యజమానిదే. తెచ్చినవాడు దానిని తనదని విఱ్ఱవీగడు. తనది కాదుగదా యని అజాగ్రత్తగా పారవేయనూ పారవేయడు. తన సొంత రాయికంటె దానినే ఎక్కువ భయభక్తులతో లెక్కించుకొనును.

ధనముపట్ల గృహస్థున కుండవలసిన భావమెట్టిదని యడుగువారికి ఇంతకంటె తగిన ఉపమానము దొరకుట కష్టము. సర్వమును ఈశ్వరునిదే యని ఈశావాస్యోపనిషత్తు తన మొదటి మంత్రముననే చాటుచున్నది. ఈ మాట విని, "సర్వమును ఆయనదేయైనచో నాకేల యీ లెక్కలు?" అనువాడు ఒకడు. "సర్వమును ఆయనదేయైనచో, ఆయనకు నేను లెక్క చెప్పవలసియున్నది" అనువాడు మఱియొకడు. వరాఛా వర్తకునకు ఈ రెండవ అర్థమే తోచును. శాస్త్రహృదయమునకును ఇదియే సమీపమని మా యభిప్రాయము.

వరాఛాలో వజ్రములకు సానపట్టు పనివారిలో పెక్కురు సౌరాష్ట్రమునుండి, ముఖ్యముగా భావనగర్, అమ్రేలీ ప్రాంతములనుండి వచ్చినవారు. వారిని రత్నకళాకారులని గౌరవముతో పిలుతురు. ఆ నగరముననే లింబాయత్ మొదలగు పేటలలో, తెలంగాణమునుండి మరమగ్గముల పనికై వచ్చిన పద్మశాలి కుటుంబములు బహుకాలముగా నివసించుచున్నవి. సానపట్టువానికి రాయిని బట్టి కూలి; మగ్గమువానికి నేసిన మీటరును బట్టి కూలి. పని యున్న నెల చేయి నిండును. లేని నెల వట్టిదగును. ఇట్టివారి యిండ్లలో పదునెనిమిది, ఇరువదియేండ్ల యువకుడు మొదటిసారి తన సంపాదనను చేతికి తీసికొన్నపుడు, దానిని ఏమి చేయవలెనో అతనికి బోధించినవా రెవరు? పాఠశాలలో నేర్పలేదు. తండ్రికే తెలియదు. సత్సంగమునకు వచ్చినచో, ధనము మాయయని మావంటివారము చెప్పి పంపుదుము. అతడు ఆ మాటను గట్టిగా పట్టుకొని, నెలాఖరున నూటికి మూడురూపాయల వడ్డీకి అప్పు చేయును. ఈ యపార్థమును తొలగించు బాధ్యత మాపై కలదు.

ధనమును మట్టితో సమానముగా చూచి గంగలో విసరివేసిన శ్రీరామకృష్ణులే ఈ విషయమున ఎట్లు ప్రవర్తించిరో చూడుడు. వారి యువశిష్యుడు యోగీన్, తరువాతి కాలమున యోగానందస్వామి, ఒకనాడు ఇనుప కడాయి కొనుటకు బజారునకు పోయెను. దుకాణదారుడు దైవభక్తి కలవానివలె మాటలాడగా, అతనిని నమ్మి, వస్తువును పరీక్షింపకయే తెచ్చెను. తీరా చూడగా దానికి బీటవాఱియున్నది. సంగతి విని శ్రీరామకృష్ణులు మెచ్చుకొనలేదు సరికదా, మందలించిరి. భక్తుడైనంతమాత్రమున తెలివితక్కువవాడు కానక్కఱలేదనియు, దుకాణదారుడు ధర్మసంపాదనకై అంగడి పెట్టలేదనియు, నాలుగు దుకాణములు తిరిగి ధర తెలిసికొని, వస్తువును చక్కగా చూచి కొనవలెననియు వారి బోధ. కాంచనమును తాకజాలని మహాపురుషుడు కడాయి బీటను గూర్చి ఇంత శ్రద్ధ వహించెను! వైరాగ్యమునకును మెలకువకును వైరము లేదు.

అట్లని కూడబెట్టుటయే పరమార్థమని వారు చెప్పలేదు. ఏడు జాడీల కథయు వారిదే. రాజుగారి మంగలి యొకడు ఒక చెట్టుక్రింద యక్షుని మాట విని, ఏడు జాడీల బంగారము ఇంటికి తెచ్చుకొనెను. ఆఱు నిండుగా నున్నవి, ఏడవది వెలితి. ఆ వెలితి పూడ్చుటకు భార్య నగలు వేసెను, కడుపు కట్టుకొనెను, జీతము రెట్టింపైనను బిచ్చమెత్తెను. జాడీ నిండలేదు. రాజు అతని వాలకము చూచి సంగతి గ్రహించి, ఆ యక్షుడు తనకును జాడీలు ఇవ్వజూపెనని చెప్పెను. ఆ సొమ్ము ఖర్చు పెట్టుకొనుటకా, దాచుటకా యని తాను ప్రశ్నింపగా, యక్షుడు బదులు చెప్పకయే పాఱిపోయెనట! నేడు ఎవడైనను ఏదేని పథకమును మన ముంగిటికి తెచ్చినపుడు రాజువలె ఒక ప్రశ్న వేయవలెను: నా సొమ్ము ఎచ్చటికి పోవును, నాకు కావలసినపుడు ఎట్లు తిరిగి వచ్చును? బదులు చెప్పకుండ పాఱిపోవువాడు యక్షుడే. అగ్రిగోల్డు సంస్థ 2014–15 ప్రాంతమున చెల్లింపులు నిలిపివేసినపుడు ఎన్ని లక్షల తెలుగు కుటుంబములు ఈ ప్రశ్న వేయక నష్టపోయినవో పాఠకులకు తెలియును.

ఇక లెక్క లేకపోవుటవలన కలుగు దుఃఖమునకు దృష్టాంతమును దూరముగా వెదుక నక్కఱలేదు. వివేకానందస్వామి తండ్రి విశ్వనాథదత్తు కలకత్తా హైకోర్టులో అటార్నీ. సంపాదన గొప్పది, హృదయము అంతకంటె గొప్పది. బంధువులను పోషించెను, అడిగినవారికి లేదనలేదు, ఆదాయముకంటె వ్యయమే మిన్నగా నుండెను. 1884 ఫిబ్రవరిలో ఆయన హఠాత్తుగా గతించగా, ఇంటిలో మిగిలినది అప్పులవారి రాక. బంధువులు ఇంటికై వ్యాజ్యము వేసిరి. ఇరువదియొక్క యేండ్ల నరేంద్రుడు చెప్పులు లేని కాళ్ళతో ఉద్యోగమునకై ఆఫీసుల వెంట తిరిగెను. ఇంటిలో అన్నము చాలని దినములలో, తనకు వేఱొకచోట భోజనమునకు పిలుపున్నదని తల్లితో చెప్పి, ఆకటితో వెడలిపోయెడివాడు. విశ్వనాథుడు చెడ్డవాడా? కాదు, దాత. కాని ఆ దానపు వెలను ఆయన తరువాత చెల్లించినవారు భార్య భువనేశ్వరీదేవియు, పసిబిడ్డలును. తండ్రి చేసిన దానము కుమారుని ఆకలిగా మాఱుట ధర్మమేనా యన్నది సులభముగా తేలు ప్రశ్న కాదు. ప్రతి గృహస్థుడును తనకు తానే వేసికొనవలసినది.

కావున మొదటి జీతము చేతికి వచ్చిన యువకుడు చేయవలసిన మొదటి పని ఒక చిన్న నోటుపుస్తకము కొనుట. గాంధీజీ లండనులో విద్యార్థిగా నున్నపుడు బస్సుచార్జీలు, తపాలా బిళ్ళలవంటి చిల్లర ఖర్చులు సైతము వ్రాసి, రాత్రి పరుండుటకు ముందు నిల్వ సరిచూచుకొనెడివాడని 'సత్యశోధన' చదివినవారికి తెలియును. సత్యవ్రతుడగుటకు ముందు ఆయన లెక్కలవ్రతుడయ్యెను! లెక్క వ్రాయుట అనగా ఆదాయమును పెంచుట కాదు, తన్ను తాను చూచుకొనుట. వరాఛాలో అనేకులకు మావా నములు అలవాటు కలదు. దినమునకు 40 రూపాయలు దానికి పోయినచో ఏడాదికి 14,600 రూపాయలు. ఈ యంకె పుస్తకములో కన్పడువఱకు ఎవనికిని నమ్మిక కలుగదు. మేము మావా మానుమని ఇచ్చట చెప్పుటలేదు, వ్రాయుమని మాత్రమే చెప్పుచున్నాము. వ్రాసినవాడు మిగిలినది తానే చూచుకొనును.

రెండవది అప్పు. మనవారు వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొందురు. "మూడు రూపాయలే" యన్నపుడు చిన్నదిగా వినబడును. ఏడాదికి అది నూటికి 36. చెల్లెలి పెండ్లికి 50,000 తెచ్చినవాడు నెలకు 1,500 వడ్డీయే కట్టవలెను. మూడేండ్లు తిరుగకముందే అసలంత సొమ్ము వడ్డీగా పోయి, అసలు అట్లే నిలిచియుండును. వడ్డీయు కట్టలేక అది అసలులో కలియుచు పోయినచో, 24 నెలలకు బాకీ రెట్టింపగును. అదే యవసరమునకు బాంకులో బంగారము కుదువబెట్టినచో వడ్డీ సాధారణముగా నెలకు నూటికి రూపాయికి అటునిటుగా నుండును. నగ కుదువబెట్టుట నామోషీయని వడ్డీవ్యాపారి గడప త్రొక్కుట యేమి మర్యాదయో! ఇప్పుడు ఫోనులోనే నిమిషములో అప్పిచ్చువారు బయలుదేఱిరి. కిస్తీ తప్పినచో, ఫోనులోని బంధుమిత్రుల పేర్లన్నిటిని లాగి, వారికి ఫోనుచేసి పరువుతీయువారు వారిలో కలరు. మహాజనుని గుమ్మము ముందు నిలిచినవానికి ఇంటికి నడచుచు ఆలోచించుకొను వ్యవధి యైనను ఉండెడిది.

మూడవది పని లేని నెలకు అన్నము. 2008 చివర ప్రపంచ మాంద్యము వచ్చినపుడు, దీపావళి సెలవులకు మూతబడిన సాన కార్ఖానాలు అనేకములు మఱల తెఱవబడలేదు. వేలకొలది రత్నకళాకారులు పల్లెలకు మరలిపోయిరి. 2020 మార్చిలో దేశమంతయు మూతబడినపుడు సూరతు మగ్గములును ఆగినవి. కూలి ఆగినను గది అద్దె ఆగదు. మూడునెలల తిండికిని, అద్దెకును సరిపడు సొమ్ము విడిగా నుండువఱకు వేఱు పథకముల మాట తలపెట్టరాదు. 2014లో ఆరంభమైన జనధన పథకముక్రింద పైసా నిల్వ లేకున్నను బాంకుఖాతా తెఱువవచ్చును. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతోనే అయిదేండ్ల రికరింగు డిపాజిట్టు కట్టవచ్చును. నెలకు 500 కట్టినవానికి అయిదేండ్లకు అసలే 30,000 అగును. వడ్డీ అదనము.

మనవారికి చిట్టీ ప్రియమైనది, దానిని నిందింపము. ఇరువదిమంది నెలకు 1,000 చొప్పున వేసినచో మొత్తము 20,000. పాటలో ఒకడు 4,000 వదలుకొని 16,000 తీసికొనును. వదలిన దానిలో నిర్వాహకుని కమీషను పోగా మిగిలినది అందఱకు పంపకమగును. చట్టము ప్రకారము కమీషను నూటికి 7, అనగా ఇచ్చట 1,400 మించరాదు. అట్లైనచో తలకు 130 వచ్చును. మొదటి నెలలలోనే పాడినవాడు వాస్తవముగా అప్పు చేయుచున్నాడు. చివఱివఱకు ఆగినవాడు దాచుచున్నాడు. తానెవరో తెలిసికొని పాడవలెను. ఆ చిట్టీ 1982 నాటి చట్టము క్రింద రిజిష్టరైనదా యని అడుగుటకు మొగమాటపడరాదు. నిర్వాహకుడు మన ఊరివాడే కావచ్చును, యోగీనునకు కడాయి అమ్మినవాడును భక్తుడుగనే కనబడెను గదా!

బాంకైనను చూచియే ఎంచుకొనవలెను. 2001లో అహమ్మదాబాదు మాధవపురా మర్కంటైల్ సహకారబాంకు కూలినపుడు దానితో కొన్ని చిన్న సహకారబాంకులును చిక్కులలో పడినవి. 2020 ఫిబ్రవరినుండి ఒక్కొక్క బాంకులో ఒక్కొక్క డిపాజిటుదారుని సొమ్ముకు అయిదులక్షలవఱకు బీమా కలదు. అయిదులక్షలు దాటినవారు రెండవ బాంకు చూచుకొందురు గాక. మొదటిజీతపు యువకునకు ఆ చింత ఇప్పట్లో లేదు.

విశ్వనాథదత్తుని ఇంటి కథ మఱల జరుగకుండుటకు నేడు కొంత వెసులుబాటు కలదు. 2015లో ఆరంభమైన ప్రభుత్వబీమాలు రెండు కలవు. ఏడాదికి 436 రూపాయలతో జీవనజ్యోతి, 20 రూపాయలతో సురక్షా. మొదటిది ఏ కారణమున మరణించినను, రెండవది ప్రమాదమున మరణించినచో, కుటుంబమునకు రెండేసి లక్షలు ఇచ్చును. పదునెనిమిదేండ్లు నిండి ఏబదియేండ్లు దాటనివారు రెండింటను చేరవచ్చును. రెండును కలిసి 456 రూపాయలు, పండ్రెండు దినముల మావా వెలకంటె తక్కువ.

ఇంటి ఇల్లాలిని ఈ లెక్కలనుండి దూరముగా నుంచుట మన మగవారి దురలవాటు. సూరతులో ఎందఱో స్త్రీలు ఇంటనే కూర్చుండి చీరలకు రాళ్ళంటించి, కుట్టుపని చేసి నాలుగు డబ్బులు తెచ్చుచున్నారు. గుజరాతులోనే 1974లో నాలుగువేలమంది పేదస్త్రీలు తలకు పదిరూపాయలు వేసి సేవా సహకారబాంకును స్థాపించుకొనిరి. సంతకము రానివారును అందు కలరు. వారికి రాని లెక్క మన ఇంటి లక్ష్మికి వచ్చునా యని సందేహించుట వట్టి అహంకారము. పుస్తకము ఆమె చేతనుండుటయే మేలు.

నరేంద్రుని కథ పైన సగమే చెప్పితిమి. కష్టములు భరింపలేక అతడు గురువును ప్రార్థింపగా, శ్రీరామకృష్ణులు అతనినే కాళికాలయమునకు పంపి, ధనము కోరుకొమ్మనిరి. మూడుమాఱులు పోయెను; మూడుమాఱులును జ్ఞానభక్తులను, వివేకవైరాగ్యములను కోరి వచ్చెను. ధనమడుగుటకు నోరాడలేదు. ఆ కుటుంబమునకు సాదా అన్నవస్త్రములకు లోటుండదని గురువు అభయమిచ్చిరి. చాలమంది ఉపన్యాసకులు కథను ఇచ్చటనే ఆపుదురు. కాని అదే నరేంద్రుడు జగద్విఖ్యాతుడైన వివేకానందుడై, 1898లో, తన ఆరోగ్యము క్షీణించుచున్న కాలమున ఖేత్రీ మహారాజు అజిత్‌సింహునకు ఉత్తరము వ్రాసెను. రాజు అంతకుముందునుండి ఆయన తల్లికి నెలకు నూఱురూపాయలు పంపుచుండెను. ఆ నూఱును తల్లి జీవించియున్నంతకాలము, తాను మరణించినను, ఆగకుండ స్థిరపఱుపుమని అందులోని కోరిక. జగన్మాతను ధనమడుగలేకపోయిన సన్న్యాసి, కన్నతల్లికి నెలనెలా ఎంత చేరవలెనో, ఎంతకాలము చేరవలెనో లెక్కకట్టి వ్రాసి యడిగెను.