రహదారియందు సారథ్యము

కఠోపనిషత్తు దేహమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను వర్ణించినది. ఈ యుపమానమును మనము పలుమార్లు వినియున్నాము. కాని నిజముగా వాహనమును నడుపు వేళ దీనిని స్మరించువారెందఱు?

సంక్రాంతికి హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిని చూడుడు. అందు పెక్కురు పండుగకై కన్నవారి యింటికి పోవువారే. అయినను, ముందొక ముదుసలి మెల్లగా కారు నడుపుచుండిన చాలును, వెనుకవాడు సహింపజాలడు. ఆనుకొనునంత చేరువకు వచ్చును, దీపములు మిఱుమిట్లు గొల్పును, హారను మ్రోగించును, తుదకు ఎడమప్రక్కనుండి దూసికొని పోవును.

ఇందువలన అతడు పొందినదేమి? 10 కిలోమీటర్ల దూరము గంటకు 50 కిలోమీటర్ల వేగమున 12 నిమిషములు, 60 కిలోమీటర్ల వేగమున 10 నిమిషములు పట్టును. లాభము రెండు నిమిషములు! అదియు టోలుగేటు వరుసలో హరించిపోవచ్చును. ఇక ప్రమాదమును చూడుడు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున వాహనము సెకనుకు 22 మీటర్లు పోవును. ముందున్న వాహనము ఆగుచున్నదని కన్ను గ్రహించి, కాలు బ్రేకును నొక్కులోపల ఇంచుమించుగా అంత దూరము గడచిపోవును. నడుమ 10 మీటర్లయినను విడువనివాడు తన ప్రాణముతోపాటు పరుల ప్రాణములను గూడ పణముగా నొడ్డుచున్నాడు.

ఢీకొననందున దోషము లేదని తలంపరాదు. తఱుమబడుచున్నవాని చూపు దారిని విడిచి అద్దముపై నిలుచును, చేతులు వణకును. పరుని హృదయమున భయము పుట్టించుటయు హింసయే. అతడు రోగిని గొనిపోవుచున్నాడేమో, క్రొత్తగా నడుపుట నేర్చినాడేమో, మనమెఱుగము. మన తండ్రియే ఆ స్థానమున నుండిన అట్లు తఱుముదుమా?

గీత పండ్రెండవ అధ్యాయమున భగవానుడు తన ప్రియభక్తుని లక్షణములలో, లోకమునకు ఉద్వేగము కలిగింపకుండుటను, లోకమువలన తాను ఉద్వేగము పొందకుండుటను పేర్కొనెను. మెల్లగా పోవువానికిని ఇందు పాఠము గలదు. అతడు ఎడమప్రక్కకు తొలగి దారి యీయవలెను; దాటుచున్నవానిని చూచి పంతమునకై వేగము పెంచరాదు.

"వీడు నా దారికి అడ్డుపడుచున్నాడు" అని మనస్సు పలికినపుడు, ఆ "నా" అను మాటను పట్టుకొనుడు. దారి అందఱిది. అహంకారమే దానిని తనదిగా నెంచుచున్నది. అప్పుడు పాదమును కొంచెము సడలించి, నడుమ ఎడమును పెంచి, ఇష్టదైవమును స్మరింపుడు. ముందు దారి తెఱపియై స్పష్టముగా కనబడినపుడు సైగచేసి, కుడిప్రక్కనుండి శాంతముగా దాటుడు. పూజాగృహమున అభ్యసించిన ఓరిమికి పరీక్ష జరుగుచోటు ఇదియే.